మార్టూరులో మోటారు మూగబోయిన రెండు నెలలు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను రాసిన రిపోర్టులు మా ఆఫీసు బీరువాలో రెండు అరల నిండా ఉంటాయి. వాటిని ఎవరన్నా పూర్తిగా చదివారా అంటే నాకు అనుమానమే. చదివి ఉంటే ఎవరో ఒకరు తిట్టి ఉండేవారు. ఆ రెండు అరల్లో ఒక్క రిపోర్టుకి మాత్రం వెనకాల సగం పేజీ సవరణ అంటించి ఉంటుంది. నేను రిటైరైన రోజున శాలువా కప్పి, నేను చెయ్యని గొప్పపనులన్నీ మైకులో చెబుతుంటే, నాకు ఆ సగం పేజీయే గుర్తొచ్చి లోలోపల నవ్వుకున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, ఫీల్డులో ఎలా మసలుకోవాలి సార్ అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

కరెంటు పంపిణీ సంస్థ అంటే జనానికి తెలిసింది స్తంభాలు, బిల్లులు, పోయిన కరెంటు. మా విభాగం ఆ మూడింటిలో దేనికీ చెందదు. గుంటూరులో మెట్ల పక్కన ఒక గది మాది, దానికి నేను డివిజనల్ ఇంజనీరుని, అంటే డీఈని. బజారులోకి కొత్తగా వచ్చే, కరెంటు తక్కువ తింటుందని చెప్పుకునే ప్రతి వస్తువునీ మా ఎండల్లో, మా దుమ్ములో, మా మనుషుల చేతుల్లో పెట్టి నిజమో కాదో చూడడం మా పని. నల్లపాడులో ఒక హాస్టల్ డాబా మీద వేడి దిగకుండా తెల్ల పూత వేయించాం. మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీ తలుపుల దగ్గర చల్లగాలి బయటికి పోకుండా గాలితెరలు పెట్టించాం. కొన్ని బాగా పనిచేశాయి. కొన్ని మా పరువు తీశాయి.

పరువు తీసినవాటిలో చీరాల ఫ్యాన్లు మొదటివి. ఒక చేనేత షెడ్డులో కొత్తరకం ఫ్యాన్లు బిగించి, నెల తర్వాత వెళ్ళి మీటరు చూస్తే అది దాదాపు కదలనే లేదు. ఇంత పొదుపా అని నేను ఉబ్బితబ్బిబ్బైపోయి రిపోర్టు మొదలుపెట్టాను. అప్పుడే కొత్తగా మా దగ్గర చేరిన అసిస్టెంట్ ఇంజనీరు ఒకమ్మాయి, చీరాలలో మగ్గం నేసే ఇంటి పిల్ల, ఆ కాగితం చదివి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"సార్, మగ్గం ఆడేటప్పుడు ఎవరూ ఫ్యాను వెయ్యరు సార్. గాలికి పడుగు ఆరిపోయి పోగులు తెగుతాయి. మన ఫ్యాన్లు పొదుపేం చెయ్యలేదు. ఊరికే కూర్చున్నాయి."

ఆ పాఠం నేను అప్పుడే నేర్చుకుని ఉంటే ఇక మార్టూరు కథే లేదు. నవ్వుకుని వదిలేశాను.

మార్టూరు మీకు తెలిసే ఉంటుంది. హైవే మీద పోతుంటే రెండు వైపులా రాతిపొడి పడి తెల్లబడ్డ చెట్లు, రేకుల షెడ్లు, లారీల వరసలు కనిపిస్తాయి. గ్రానైటు కోసి, నునుపు పెట్టి, అద్దంలా మెరిపించి పంపే ఊరు. కరెంటు కూడా ఆ మెరుపుకి తగ్గట్టే కాలుతుంది. అక్కడ ఒక షెడ్డు యజమాని మా ప్రయోగానికి ముందుకొచ్చాడు. తరాలుగా మిర్చి, పత్తి పండించిన ఇంటివాడు. మాట్లాడితే పొలం గట్టున నిలబడి అవతలి గట్టు మనిషిని పిలిచినట్టే ఉంటుంది.

"రండి డీఈ గారూ! ఏం పెట్టుకుంటారో పెట్టుకోండి. నాకు బిల్లు తగ్గితే చాలు, మీకు కోడికూర వండిస్తా!"

ఆయన షెడ్డులో పాలిష్ పట్టేది ఒక మేస్త్రి. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, కనుబొమల నిండా రాతిపొడితో ఉండేవాడు. మీసాలు రాకముందు నుంచీ అదే పని. వాళ్ళ పాలెంలో చర్చి ఉంది. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకునేది ఆయనేనని, ఆయన గొంతు కలపందే ఎవరూ మొదలుపెట్టరని యజమానే నాకు చెప్పాడు. ఆ ముక్క చెప్పేటప్పుడు ఆయన గొంతులో గర్వం ఉంది. తన మనిషి కదా.

పాలిష్ పని ఎలా ఉంటుందో నాలుగు మాటల్లో చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. రాతి పలకని బల్ల మీద పరుస్తారు. దాని మీద మోటారుతో తిరిగే ఒక గుండ్రటి తల ఉంటుంది. మేస్త్రి దాని పిడి పట్టుకుని పలకంతా తిప్పుతాడు. గరుకు రాయితో మొదలుపెట్టి మెత్తటిదాకా మార్చుకుంటూ పోతాడు, పైనుంచి నీళ్ళు కారుతూ ఉంటాయి. చివరి దశలో నీళ్ళు తగ్గిస్తారు. పలక వేడెక్కుతుంది, మెరుపు పైకి వస్తుంది. సరిగ్గా అప్పుడు ఆ తల రాయిని పట్టేస్తుంది. పట్టిన క్షణంలో మేస్త్రి తలని కాస్త పైకి లేపి మళ్ళీ దించాలి. లేపడం ఆలస్యమైతే నల్లరాయి మీద పొగచూరినట్టు మరక పడుతుంది. పలక కాలింది అంటారు. కాలిన పలకని మళ్ళీ మొదటినుంచీ గీకాలి, అప్పటికీ ఆ మచ్చ పూర్తిగా పోదు.

మేము ఆయన మిషనుకి ఉన్న పాత మోటారు తీసి కొత్తది బిగించాం. దానితోపాటు డ్రైవ్ అనే పెట్టె ఒకటి పెట్టాం. బరువు పడ్డా పడకపోయినా మోటారు వేగం మారకుండా, అవసరమైనంత కరెంటు మాత్రమే ఇచ్చే పెట్టె అది. అదురు లేకుండా మోటారు కింద రబ్బరు దిండ్లు కూడా వేశాం. స్విచ్చి వేస్తే తిరుగుతున్నట్టే లేదు. పాతది రోజంతా మూలుగుతూ, గుర్రుమంటూ, బల్లని వణికిస్తూ ఉండేది.

మేస్త్రి వచ్చి మోటారు మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"ఇది తిరుగుతా ఉందా సార్?"

అందరం పగలబడి నవ్వాం. దాన్ని నేను మెచ్చుకోలు కింద తీసుకున్నాను. రిపోర్టులో "కార్మికుల స్పందన: సంతృప్తికరం" అని రాసుకున్నాను. దాని కింది వరసలో "శబ్దం గణనీయంగా తగ్గుట: అదనపు లాభం" అని కూడా రాశాను. ఆయన ఇంకేమన్నా చెబుతాడేమోనని ఒక్క నిమిషం ఆగి ఉండాల్సింది. కానీ ఆయన యజమాని ముందు, మా ముందు నిలబడి ఏం చెబుతాడు?

మొదటి నెల లెక్కలు వచ్చాయి. కరెంటు బాగానే తగ్గింది. మా అమ్మాయి, అంటే ఆ అసిస్టెంట్ ఇంజనీరు, కంప్యూటరు మీద రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి నన్ను పిలిచింది. ఒకటి పాత మోటారుది, మార్చకముందు నెల రోజులు కొలిచింది. దాని గీత దువ్వెనలా ఉంది, పైకీ కిందికీ సన్నటి పళ్ళు. రెండోది కొత్త మోటారుది. పళ్ళు చాలా తక్కువ, మధ్యలో అక్కడక్కడా గుట్టలు.

"సార్, ఈ పళ్ళు ఏంటో నాకు అర్థం కావట్లేదు. పాతదాంట్లో ప్రతి కొద్ది క్షణాలకీ ఒకటి ఉంది. కొత్తదాంట్లో ఎందుకు పోయినయ్?"

నాకు పై ఆఫీసుకి పంపే తొందర. "పాత మోటారు కదమ్మా, అట్లాగే ఎగురుతుంది. పావుగంటకొక సగటు తీసి గీత నున్నగా చేసెయ్. పెద్దవాళ్ళు చూసేది నున్నటి గీతే," అన్నాను.

ఆ అమ్మాయి పళ్ళన్నీ అరగదీసి నున్నటి గ్రాఫు ఇచ్చింది. దాన్ని చూసి నేను మురిసిపోయాను. మార్టూరులో రాయికి పాలిష్ పట్టినట్టే నేను గుంటూరులో కూర్చుని నా లెక్కలకి పాలిష్ పట్టాను. రెండో నెల ముగుస్తుండగా పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మార్టూరు షెడ్లన్నిటికీ ఈ పద్ధతి పెట్టిద్దామని, వచ్చేవారం అధికారులు చూడ్డానికి వస్తారని చెప్పారు. నేను కొత్త చొక్కా కూడా కొనుక్కున్నాను.

అధికారుల రాకకి ముందు ఒకసారి అన్నీ సరిచూసుకుందామని శుక్రవారం ఉదయం మేము ముగ్గురం జీపులో బయలుదేరాం. నేను, మా అమ్మాయి, మా మీటర్ల ఇన్‌స్పెక్టరు. ఇన్‌స్పెక్టరు గురించి ఒక మాట. ఏ మిషనైనా విప్పి బిగించగలడు గానీ, విప్పుతున్నంతసేపూ, బిగిస్తున్నంతసేపూ సణుగుతూనే ఉంటాడు. సణుగుడు ఆగితే ఏదో తప్పు జరిగిందని మేము భయపడేవాళ్ళం.

షెడ్డు దగ్గర జీపు దిగేసరికే యజమాని కేకలు వినిపించాయి. బల్ల మీద నల్లటి పలక ఉంది. దాని నడుమ చెయ్యంత మేర గోధుమరంగు మరక. పక్కన గోడకి ఆనించి అలాంటివే ఇంకో రెండు పలకలు. మేస్త్రి పిడి వదిలేసి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మూడోదిరా ఇది! ఒకటి అంటే పోన్లే అనుకున్నా. రెండు అంటే ఒంట్లో బాలేదేమో అనుకున్నా. ఏంది నీ సంగతి? హోటలోళ్ళు వచ్చి అద్దం లాంటి రాయి అడిగితే ఈ మరకలు చూపియ్యనా? ఎక్కడ పెట్టావురా ధ్యాస? చెవుడొచ్చిందా నీకు?"

ఆ చివరి మాటకి మేస్త్రి మొహం పాలిపోయింది. అంతవరకూ నిటారుగా ఉన్న మనిషి చటుక్కున తల దించుకున్నాడు. నేను చూశాను. చూశాను గానీ, తిట్లు పడితే ఎవరికైనా అంతే కదా అనుకున్నాను.

"సోమారం నుంచి వేరే మేస్త్రిని తెస్తన్నా. నువ్వు పలకలు కడిగే కాడికి పో. ఇన్నేళ్ళు చేసినోడివని పొమ్మనట్లేదు, అది గుర్తుపెట్టుకో," అన్నాడు యజమాని.

పలకలు కడగడం కొత్తగా చేరినవాళ్ళు చేసే పని. మేస్త్రి తలకి కట్టుకున్న తువ్వాలు విప్పి భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

యజమాని మావైపు తిరిగి గొంతు తగ్గించి, "మీరేం అనుకోకండి డీఈ గారూ. మీ మోటారు బంగారం. మనిషే పాడైపోయాడు," అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆ మాటకి నాకు ముందు కలిగింది ఊరట. మోటారుకి మాట రాలేదు కదా అని. షెడ్డు గొడవలు మనకెందుకులే, రీడింగులు తీసుకుని పోదాం అని మా అమ్మాయివైపు తిరిగాను. ఆ అమ్మాయి లాప్‌టాప్ తెరిచి రాళ్ళ కుప్ప మీద పెట్టుకుని కూర్చుని ఉంది. మొహం ఎర్రబడిపోయింది.

"సార్, ఒక్కసారి చూడండి. ఆ పళ్ళు."

"అవి తీసెయ్యమన్నాను కదమ్మా?"

"రిపోర్టులోంచి తీసెయ్యమన్నారు సార్. నా దగ్గర్నుంచి కాదు కదా."

పాత గ్రాఫు మళ్ళీ తెరమీదికి వచ్చింది. వేలితో ఒక్కో పన్ను చూపిస్తూ చెప్పింది. గీత పైకి లేవడం అంటే తల రాయిని పట్టేయడం, మోటారు మీద బరువు పడడం. వెంటనే కిందికి జారడం అంటే మేస్త్రి తలని పైకి లేపడం. ఒక్క క్షణం ఆలస్యం లేదు. నెల పొడుగునా రోజంతా అంతే. కొత్త మోటారు గ్రాఫులో బరువు పడుతోంది గానీ వెంటనే కిందికి రావడం లేదు. గుట్టలా పెరిగి పెరిగి ఎప్పటికో తగ్గుతోంది. ఆ గుట్టలు మరీ పెద్దవైన చోట మూడు రోజులున్నాయి. పనివాళ్ళని అడిగి చూసుకుందట, మూడు పలకలు కాలిన రోజులు అవే.

"ఆయన ఎప్పుడు లేపాలో ఎట్లా తెలుసుకుంటాడు సార్? కంటికి ఏం కనపడదు. తల కింద ఉంటది రాయి," అంది.

సణుగుతూ మీటరు మూత విప్పుతున్న ఇన్‌స్పెక్టరు ఒక్కసారిగా ఆగిపోయాడు. "మూలుగు," అన్నాడు. "పాత మోటారు రాయి పట్టుకోంగానే మూలిగేది సార్. మనోడు అది విని లేపేవాడు. మనమొచ్చి దాని నోరు మూసేశాం."

వేగం తగ్గనివ్వని పెట్టె పెట్టింది మేము. అదురు చేతికి తెలియకుండా రబ్బరు దిండ్లు వేసింది మేము. చప్పుడు లేకుండా చేసి, దాన్ని లాభం కింద రాసుకున్నది నేను. ఆ మనిషి చేతిలోంచి, చెవిలోంచి ఆయన పనిముట్టు లాగేసుకుని, పలకలు ఎందుకు కాల్చావని తిట్టిస్తున్నాం. చీరాల ఫ్యాన్లప్పుడు నవ్వి ఊరుకున్నందుకు నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

మేస్త్రి షెడ్డు వెనక విరిగిన రాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. పక్కనే కూర్చున్నాను. నేను మాట్లాడుతుంటే కుడి చెవి నావైపు తిప్పి, నా పెదాలు చూస్తూ వింటున్నాడు. అలా ఎందుకు చేస్తున్నాడో నాకప్పుడు తట్టింది.

"మేస్త్రీ, కొత్త మోటారు బిగించాక ఇబ్బందిగా ఉందని నాకెందుకు చెప్పలేదు?"

"మోటారుకేంది సార్, బాగానే ఉంది." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నాకే చెవి పోయింది."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? తెలవదా నాకు? రంపాల మధ్య బతికినోళ్ళకి ఎప్పటికైనా పోయేదే. మా అన్నకీ అట్టాగే పోయింది. రాయి పట్టుకునే చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తది సార్. అట్టాంటిది రెండు నెల్ల నుంచి ఇనపడ్డమే లేదు. ఇంటికాడ చేతిగడియారం చెవికి పెట్టుకుని చూస్కుంటన్నా. ఒకసారి ఇనపడుతున్నట్టుంటది, ఒకసారి లేనట్టుంటది. ఇంట్లో చెప్పలేదు. చర్చిలో పాట ఎత్తుకోవడం మానేశా. శ్రుతి తప్పితే నాకు తెలవదు గదా. గొంతు బాలేదని అయ్యగారికి అబద్ధం చెప్పా."

అయ్యగారు అంటే వాళ్ళ పాస్టరు. ఆ అబద్ధం చెప్పేటప్పుడు కూడా ఆయనకి సిగ్గుగానే ఉన్నట్టుంది. రెండు నెలలు ఆ మనిషి రోజూ పొద్దున్నే వచ్చి ఆ నిశ్శబ్దం ముందు నిలబడ్డాడు. మేమేమో అది ఎంత నిశ్శబ్దంగా ఉందో కొలుచుకున్నాం.

"నీ చెవికేం కాలేదు మేస్త్రీ. మోటారు గొంతు మేమే నొక్కేశాం. తప్పు మాది."

ఆయన నావైపు జాలిగా చూశాడు. "మంచోరు సార్ మీరు. నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తన్నారు."

నేనెంత చెప్పినా నమ్మలేదు. ఇక చూపించడం ఒక్కటే దారి. తీసేసిన పాత మోటారు షెడ్డు మూలన గోనెసంచుల కింద పడి ఉంది. దాన్ని మళ్ళీ బిగించాలంటే మధ్యాహ్నం దాకా మిషను ఆపాలి. యజమాని ససేమిరా అన్నాడు.

"ఏందండీ మీరు! మొన్నే గదా దాన్ని తీసేసి బంగారం లాంటిది పెట్టింది! హోటలోళ్ళ లారీ వచ్చుద్ది. ఇతని కోసం మిషను ఆపాలా?"

షెడ్డులో పనివాళ్ళంతా చూస్తున్నారు. నాకు వచ్చేవారం రాబోయే అధికారులు గుర్తొచ్చారు. కొత్త చొక్కా కూడా గుర్తొచ్చింది. ముందు యజమానిని పక్కకి పిలిచి మెల్లగా చెబుదామనుకున్నాను. కానీ ఆయన మేస్త్రిని తిట్టింది అందరి ముందూ.

"ఆ మూడు పలకలూ కాల్చింది మేస్త్రి కాదండీ. నేను," అన్నాను. నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది. "ఒక్క పూట మిషను ఆపండి. నేను చెప్పింది తప్పయితే ఆ మోటారు నేనే ఊడబెరుక్కుని పోతాను, ఇంకెప్పుడూ మీ గడప తొక్కను."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. గవర్నమెంటు మనిషి అందరి ముందూ తప్పు నాదని ఒప్పుకోవడం ఆయన ఎప్పుడూ చూసినట్టు లేదు. నేను కూడా అదే మొదటిసారి చెప్పడం. "సరే, కానియ్యండి," అని ఒక విరిగిన పలక బల్ల మీద వేయించాడు.

ఇన్‌స్పెక్టరు సణుగుతూ పాత మోటారు బిగించాడు. స్విచ్చి వేయగానే అది ఎప్పటిలాగే గుర్రుమంది. బల్ల వణికింది. మేస్త్రి పిడి పట్టుకున్నాడు. గరుకు రాయి నుంచి మెత్తటిదాకా మారుస్తూ వచ్చి చివరి దశకి చేరాడు. నీళ్ళు తగ్గించాడు. ఉన్నట్టుండి మోటారు గొంతు బరువెక్కింది, ఎవరో మూట ఎత్తుకుంటూ మూలిగినట్టు. ఆయన చెయ్యి అప్పటికే లేచింది. దించాడు. మళ్ళీ మూలుగు, మళ్ళీ లేపడం. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాయి. మా అమ్మాయి లాప్‌టాప్ నావైపు తిప్పింది. తెరమీద దువ్వెన పళ్ళు ఒక్కొక్కటే మొలుస్తున్నాయి.

మిషను ఆపి పలక కడిగారు. పైకప్పు రేకులు, వాటికి పట్టిన బూజుతో సహా అందులో కనపడుతున్నాయి. మేస్త్రి ఆ పలకవైపు చూడలేదు. పంపు దగ్గరికి వెళ్ళి దోసిళ్ళతో నీళ్ళు మొహం మీద కొట్టుకుంటూ చాలాసేపు అక్కడే ఉన్నాడు. యజమాని ఆయన వెనకాలే వెళ్ళి నిలబడ్డాడు. క్షమించమని అడిగే అలవాటు లేని మనిషి. చివరికి, "ఏరా, అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగాడు. మా వైపు ఆ మాటకి చాలా అర్థాలున్నాయి.

తర్వాతి పని మాది. పాత మోటారుకి తిరిగిపోతే అసలు ప్రయోగమే ఓడిపోయినట్టు. డ్రైవ్ అమ్మిన కంపెనీ ఇంజనీరుకి ఫోన్ చేసి, మోటారుకి చప్పుడు కావాలని అడిగాను. "సార్, అందరూ చప్పుడు వద్దంటారు. కావాలన్నవాళ్ళు మీరొక్కరే," అన్నాడు. అయినా దారి చెప్పాడు. పెట్టెలో రెండు సెట్టింగులు మార్చాలి. ఒకటి మారిస్తే మోటారుకి సన్నటి కూత వస్తుంది. రెండోది మారిస్తే బరువు పడినప్పుడు వేగం కాస్త తగ్గనిస్తుంది.

మరుసటి రోజు శనివారం. ఇన్‌స్పెక్టరు మీటలు నొక్కుతుంటే మేస్త్రి పిడి పట్టుకుని నిలబడి, హార్మోనియం శ్రుతి చేయిస్తున్నట్టు ఒక్కో మెట్టూ చెబుతూ వచ్చాడు.

"ఇంకొంచెం తగ్గనియ్యండి... ఉహూ, మరీ ఏడుస్తా ఉంది. పెంచండి. ఆ... ఆగండాగండి. అదీ. ఇప్పుడు రబ్బరు తీసెయ్యండి, చేతికి తెలవాల."

"మీటర్లు పెట్టే పని చేయించుకుంటారు, వీణ మెట్లు బిగించే పనీ చేయించుకుంటారు," అని ఇన్‌స్పెక్టరు సణిగాడు. ఆయన అంత సంతోషంగా సణగడం నేనెప్పుడూ వినలేదు.

ఇంకో పని కూడా చేశాం. మేస్త్రి చెవుల్ని నిజంగా తినేస్తున్నది మోటారు మూలుగు కాదు, పక్కనున్న రంపం మిషను. దానికీ దీనికీ మధ్య యజమాని చేత గోడ కట్టించాం. మేస్త్రిని గుంటూరులో చెవి డాక్టరుకి కూడా చూపించాం. ఎడమ చెవి కొద్దిగా మందగించింది, కుడి చెవి బాగుంది, చప్పుడుకి దూరంగా ఉంటే చాలన్నాడు. చప్పుళ్ళన్నీ ఒకటి కాదని, తీసెయ్యాల్సినవీ ఉంచాల్సినవీ వేరని నాకు ఆ వయసులో తెలిసింది.

వారం తిరక్కుండా అధికారులు వచ్చారు. కొత్త చొక్కా వేసుకునే వెళ్ళాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. రిపోర్టు వెనక అంటించే సగం పేజీ వాళ్ళ చేతిలో పెట్టాను. సెట్టింగులు మార్చాక పొదుపు కొంచెం తగ్గింది, అది రాశాను. గ్రాఫు నున్నగా చేసినది నేనేనని, సరైన గ్రాఫు వెనక జతచేశామని, దాన్ని చెరిపెయ్యకుండా దాచి ఉంచినది మా అసిస్టెంట్ ఇంజనీరని రాశాను. చివరి వరసలో, శబ్దం తగ్గుట అనే అంశాన్ని లాభాల జాబితా నుంచి తొలగించడమైనది అని రాశాను. ఆ అధికారుల్లో పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, "ఒక లాభాన్ని ఎందుకయ్యా తీసేశావు?" అని అడిగాడు. నేను మిషను దగ్గర పనిలో ఉన్న మేస్త్రిని చూపించాను. ఆయన పావుగంట అక్కడే నిలబడి చూశాడు. తర్వాత షెడ్లన్నిటికీ మోటార్లు పెట్టించాం గానీ, ప్రతిచోటా ముందు ఆ షెడ్డు మేస్త్రితో కూర్చుని, ఆయన చెప్పినంత మూలుగు ఉంచాకే బిగించాం.

అసలు సంగతి ఇంకొకటుంది. అధికారులు రాకముందు, ఆ శనివారం పని అయిపోయి మేము జీపెక్కుతుంటే మేస్త్రి దగ్గరికొచ్చి, "రేపు ఆరాధనకి రండి సార్. ఇంట్లో భోజనం," అన్నాడు. మర్నాడు ముగ్గురం వెళ్ళాం. పాలెం చివర చిన్న చర్చి. తెల్లచీరలు కట్టుకున్న ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. మేస్త్రి భార్య మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుంది. నేను చివరి వరసలో చాప మీద సర్దుకున్నాను.

పాట వేళయింది. అయ్యగారు మేస్త్రివైపు చూశాడు. మేస్త్రి లేచి నిలబడి, గొంతు సవరించుకుని, ఎత్తుకున్నాడు. రెండు నెలల తర్వాత. ముందు వరసలో ఒక ముసలామె వెనక్కి తిరిగి చూసి కళ్ళు ఒత్తుకుంది. ఆ గొంతు వెంట గుడి గుడంతా కలిసింది. నాకు పాట రాదు. కానీ చేతిలో పుస్తకం పెట్టారు, చుట్టూ అందరూ పాడుతున్నారు, నా మనసు తేలిగ్గా ఉంది. అంతమందిలో ఎవరికి తెలుస్తుందిలే అని నేనూ గొంతు కలిపేశాను.

ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకుంటుంటే మేస్త్రి నా దగ్గరికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"సార్, రెండో చరణంలో చివరి వరసలో ఒకాయన శ్రుతి తప్పాడు. మీరేనా?"

నేనేనని ఒప్పుకున్నాను. ఆ వారంలో అది రెండోసారి తప్పు నాదని చెప్పడం, అయినా ఈసారి నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన కూడా నవ్వాడు. తర్వాత వాళ్ళింట్లో చాప మీద కూర్చుని, కారం దట్టించిన కోడికూరతో కడుపునిండా అన్నం తిన్నాం.